నలిగిన సద్ది గిన్నె

మీరే చేశారు. ఇంకెవరో కాదు, మీరే. నానక్‌రామ్‌గూడ గాజు మేడల్లో చల్లగా కూర్చుని మనుషుల బతుకులను తెర మీద వేలితో పైకి తోసేసేవాళ్లు. "ఈమెది స్ట్రెయిట్ లైన్ కాదు" అని ఒక్క ముక్క రాసి నవనీతను మూడు కంపెనీల గుమ్మంలోంచి తిప్పి పంపినవాళ్లు. బొమ్మలు గీసే ఉద్యోగానికి బొమ్మ ఒక్కటి తప్ప అన్నీ అడిగారు. ఏ కాలేజీ? ఏ బ్యాచ్? ఆ ఏడాది అక్కడెందుకున్నావు, ఈ ఏడాది ఇక్కడికెందుకొచ్చావు? మీ కిటికీ అద్దానికి అవతలే కొత్త టవరు లేస్తోంది. అక్కడ మనిషి నెత్తిన ఇటుక పడకుండా ఆపాల్సిన బోర్డులు వేలాడుతున్నాయి. వాటిని చూసి కింద మనిషికి ఏం అర్థమైందని ఒక్కనాడైనా కిందికి దిగి అడిగారా? అడగలేదు. లిఫ్టు ఉంది, కాళ్లున్నాయి, అయినా అడగలేదు.

నవనీత అడిగింది. అదెట్లా జరిగిందో వినండి.

ఆ రోజు ఆమెకు నాలుగో ఇంటర్వ్యూ. పాత నానక్‌రామ్‌గూడ గల్లీలో మేనమామ సాయిలు కిరాయికుంటున్న గదిలో దిగింది. సాయిలు మేస్త్రి. ఆ గల్లీ దాటితే వచ్చే పెద్ద రోడ్డు మీద లేస్తున్న టవర్లోనే పని. పొద్దున్నే గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ మేనకోడలిని పైనుంచి కిందికి చూశాడు.

"ఏందే నవనీతా, గంత పెద్ద సంచి? ఇంటర్వ్యూకు పోతున్నవా, సంతకు పోతున్నవా?"

"సంతకే మామా. ఇయ్యాల అమ్ముడుపోయేది నేనే."

"గట్లైతే జర గీరగా కూసో. ఇన్ని దేశాలు తిరిగినదానివి, ఎవడో ఏదో అంటే తల వంచకు. మా సైటుల బొమ్మల బోర్డులు పెట్టేది గా కంపెనీయే, తెల్సా? మంచి రంగులు. అంతకుమించి నాకేం తెల్వది."

ఆమె నవ్వి సంచి భుజానికెత్తుకుంది. ఫోన్‌లో జర్మనీ నుంచి మెయిలు వచ్చి కూర్చుంది. లైప్‌జిగ్‌లో గిడ్డంగులకు బొమ్మలు గీసే పాత కంపెనీ మళ్లీ పిలుస్తోంది. సాయంత్రంలోగా వస్తావో రావో చెప్పమంది. మంచి పనే. కాకపోతే అక్కడ బొమ్మల్లో మనుషులకు ముఖాలుండవు. బూడిద రంగు గుండ్రటి తల, రెండు చేతులు, రెండు కాళ్లు, అంతే. నవనీతకు ముఖాలు గీయాలని ఉంది. తనవాళ్ల ముఖాలు, తనవాళ్ల కోసం, తన ఊళ్లో. ఈ నాలుగో గుమ్మం కూడా మూసుకుంటే సాయంత్రం "వస్తున్నా" అని రాసి విమానం ఎక్కడమేనని గట్టిగా అనుకునే బయల్దేరింది.

కంపెనీ సాయిలు పనిచేసే టవరుకు ఎదురు మేడలో, పైఅంతస్తులో ఉంది. భవనాలు కట్టేవాళ్లకు భద్రత పాఠాలు, బొమ్మల బోర్డులు తయారుచేసి ఇచ్చే కంపెనీ. బొమ్మల పనికి పెద్దగా ఒక మనిషి కావాలన్నారు. ఇంటర్వ్యూ చేసేది అశ్విని, హిందూపురం అమ్మాయి. చూడగానే మంచిదనిపించే మనిషి. ఆ మంచితనమంతా రెజ్యూమే తెరవగానే ముఖం మీంచి జారిపోయింది.

"నవనీత గారూ, ఓపెన్‌గా చెప్తా, ఏమనుకోవద్దు. ఇది చూసి నాకు తల తిరిగింది. జీడిమెట్లలో షట్టర్లకు పెయింటింగ్. తర్వాత షార్జా. తర్వాత పెనాంగ్... ఇది యాడుంది?"

"మలేషియాల, మేడం."

"మళ్లీ కెన్యా. మళ్లీ జర్మనీ. ఇదేం కెరియర్ గ్రాఫండీ? మా చిన్నోడు గోడ మీద గీసిన గీత మాదిరి ఉంది."

"మీ చిన్నోడు ఏం గీసిండు మేడం?"

అశ్విని తెర మీంచి తల ఎత్తింది. "రైలంట."

"చూసిండ్రా. అడిగితేనే తెల్సింది."

అశ్వినికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "సరే, అడుగుతున్నా. చెప్పండి మీ రైలు కథ."

నవనీత చెప్పింది. కుర్చీ అంచుకు జరిగి, చేతులు తిప్పుతూ, ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చెప్పింది.

జీడిమెట్లలో ఆమె తల్లి మల్లమ్మ మందుల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు అతికేది. ముద్ర సరిగా పడక పారేసిన అట్టలు ఇంటికి తెచ్చేది. వాటి వెనక తెల్లటి వైపే నవనీతకు బడిపలక. కొంచెం పెద్దయ్యాక షాపూర్‌నగర్‌లో నర్సయ్య దగ్గర చేరింది. నర్సయ్య దుకాణాల షట్టర్ల మీద బొమ్మలు వేసేవాడు. షట్టరు దించి ఉన్నంతసేపే పని. ఓనరు వచ్చి పైకి లాగాడంటే తడి రంగుతో సహా బొమ్మ చుట్టుకుపోతుంది. అందుకే ఆమె చెయ్యి గుర్రంలా పరిగెత్తడం నేర్చింది. ఆలోచించి గీయడం కాదు, గీస్తూ ఆలోచించడం. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. నర్సయ్య కుంచెలు కడిగి, ఆరబెట్టి, మూటగట్టి అటక మీద పెట్టేశాడు. నవనీత తన మూట సంచిలో వేసుకుంది.

బోర్డులు రాసే కంపెనీతో షార్జా చేరింది. బోర్డులు రాయడానికి పోయిన లేబర్ క్యాంపు వంటగదిలో మగవాళ్లకు రోజూ లొల్లి. ఈ రోజు గిన్నెలు తోమేదెవరు? గోడ మీద పేర్లు రాస్తే ఒకడిది హిందీ, ఒకడిది బెంగాలీ, ఒకడికి ఏదీ రాదు. నవనీత పేర్లు తుడిచేసి ముఖాలు గీసింది. ఎవడి ముక్కు వాడికి, ఎవడి మీసం వాడికి. మర్నాటి నుంచి లొల్లి లేదు. తన ముఖం గోడ మీద ఉండగా నేను కాదని ఎవడంటాడు? ఆ గోడను ఫోటో తీసిన ఒక ఇంజినీరు ఆమెను పెనాంగ్ పిలిపించాడు. అక్కడ చిప్పుల ఫ్యాక్టరీలో నేపాలీ, బర్మా అమ్మాయిలకు బొమ్మల్లో పని నేర్పింది. ఆ బొమ్మలు ఇంటర్నెట్లో చూసి కెన్యాలోని కిసుము నుంచి ఒక నర్సమ్మ ఫోన్ చేసింది. మా ఆడవాళ్లకూ గీసిపెడతావా అంది. ఎందుకు గీయదు!

"ఆడ తన్నులు తినుడొక్కటే తక్కువైంది మేడం," అంది నవనీత కళ్లు మెరుస్తుండగా. "చేతులు కడుక్కునే ఆమెను గీసిన. మంచిగ గీసిన. చీర లెక్క బట్ట, మెడల పూసలు. ఒక ముసలామె ముందుకొచ్చి, బొమ్మకు దండం పెట్టి, ఈమె ఎప్పుడు సచ్చిపోయిందని అడిగింది. నాకు గుండె జారింది. ఎందుకట్లంటున్నవ్ అమ్మా అంటే, కాళ్ల కింద నేల లేదు గదా, మరి దేని మీద నిలబడ్డది అన్నది. అగో, గా దినం నుంచి నేను ముందుగాల నేల గీస్త. మనిషిని తర్వాత దించుత."

అశ్విని మోచేతులు బల్ల మీద పెట్టి వింటోంది. రెజ్యూమే తెర ఎప్పుడో ఆరిపోయింది. ఆమె చూసుకోలేదు.

అప్పుడు తలుపు తోసుకుని గిరీష్ వచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి. కంపెనీలో బోర్డుల పనంతా ఆయన చేతిలోదే. భద్రత విభాగానికి పెద్ద. ఆయన హెల్మెట్ పెట్టుకోగా చూసినవాడు ఆ అంతస్తులో ఒక్కడూ లేడు. నవనీతను చూసి, అశ్వినిని చూసి, కూర్చోకుండానే మాట్లాడాడు.

"చూడమ్మా, మాకు కావాల్సింది పాలిష్ చేసే మనిషి. బొమ్మలు ఆల్రెడీ ఉండాయి. ఇంటర్నేషనల్ పద్ధతి. ప్రపంచమంతా ఒకటే భాష." తెర మీద బోర్డు చూపించాడు. పసుపుపచ్చ పలక. నల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. పైన తాడుకు వేలాడే బరువు. మనిషి మీద అడ్డంగా, ఎర్రగా, పెద్ద ఇంటూ గుర్తు. "బరువు కింద నిలబడొద్దు. క్లియర్‌గా ఉంది. ఇంగ గీసేకి ఏముంది?"

"వాళ్లకు సమజైందా సార్?"

"అందరూ యాప్‌లో ఓకే నొక్కినారు."

"ఓకే నొక్కకుంటే గేటు తెర్సుకుంటదా?"

గిరీష్ దగ్గాడు. "తెరుచుకోదు."

"మరి నొక్కరా సార్!"

అశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గిరీష్ చెవులు ఎర్రబడ్డాయి. అతను చెడ్డవాడు కాదు. ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ ప్రశ్న అడగలేదు, అంతే. అడగనివాళ్లదీ తప్పే.

నవనీత లేచి నిలబడింది. షట్టరు ముందు నిలబడినప్పుడు వచ్చే ఊపు ఒంట్లోకి వచ్చింది. "సార్, ఎదురు టవర్ల గిదే బోర్డు ఉంది. ఇప్పుడే పోదాం. ఈ బొమ్మల మనిషికి ముఖం లేదు, కాళ్ల కింద నేల లేదు. వాళ్లు దీన్ని మనిషే అనుకోరు. లెక్క చెయ్యరు. నా మాట తప్పైతే ఈ ఉద్యోగం అడగ. మల్ల ఈ మెట్లెక్క."

"లిఫ్టులో గదమ్మా వచ్చినావు!"

"లిఫ్టు గూడ ఎక్క సార్. పోదామా?"

పందెం అనేసరికి ప్రొద్దుటూరు రక్తం ఊరుకుంటుందా? గిరీష్ కదిలాడు.

రోడ్డు దాటి గేటు దగ్గర సెక్యూరిటీ అతను ముగ్గురికీ హెల్మెట్లు ఇచ్చాడు. గిరీష్‌ది వెనక్కీ ముందుకీ తిప్పి పెట్టుకోవాల్సి వచ్చింది. లోపల సామాను లిఫ్టు కిర్రుమంటూ ఇటుకలు పైకి మోస్తోంది. అది చాయ్ పూట. పని ఆపినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూడగానే నవనీత అడుగు ఆగిపోయింది.

సరిగ్గా లిఫ్టు కింద. బోర్డుకు ఎదురుగా. బడిపిల్లల్లా వరుసగా. మొదట సాయిలే ఉన్నాడు, గ్లాసు ఊదుకుంటూ.

"రేయ్! బోర్డు కనపడలేదేందిరా మీకు?" గిరీష్ అరిచాడు.

సాయిలు గబుక్కున లేచాడు. "కనపడ్డది సార్. చూసే కూసున్నం."

"చూసి కూర్చుంటారా ఎవరైనా?"

"ఏం చేస్తం సార్, మీ కంపెనీ మాట వినాలె గద! అంతకుముందు మేం గా గోడ నీడకు కూసుంటుంటిమి. సల్లగ ఉంటుండె. బోర్డు పెట్టినంక ఈడికొచ్చినం. ఎండ కొడ్తది, దుమ్ము పడ్తది, అయినా గిదే జాగ అని పెట్టిండ్రు గదా."

"ఎవరు పెట్టినారు?"

"మీరే సార్! మనిషిని గీసి, ఆని మీద ఇంటూ కొట్టిండ్రు. అంటే మనిషి ఈడ్నే ఉండాలెనని గదా?"

లిఫ్టు కిర్రుమంటూ పైకి పోయింది. పైనుంచి ఇటుక పెంకు ఒకటి జారి, టప్పున నేల మీద పడి, రెండు ముక్కలై దొర్లింది. వరుసలో ఒకడు దాన్ని కాలితో పక్కకు నెట్టి చాయ్ తాగాడు. రోజూ పడేదే.

నవనీత చుట్టూ చూసింది. స్లాబు మీద ఎర్రమట్టి జాజుతో ఇంటూ. పైపు కోసం రంధ్రం ఇక్కడే పెట్టాలి. గోడ మీద సుద్దతో ఇంటూ. మేకు ఇక్కడే కొట్టాలి. నేల మీద ఇంటూ. స్తంభం ఇక్కడే లేవాలి. కట్టుబడి మనిషి ఎక్కడ చూసినా ఇంటూ అంటే 'ఇదిగో, ఇక్కడే'. సాయిలు రోజంతా కొట్టేది అదే గుర్తు, వాళ్లు రోజంతా వెతికేది అదే గుర్తు. అదే గుర్తు మనిషి మీద కొడితే ఇంకేమనుకుంటారు? స్కూలు పరీక్ష పేపర్లో తప్పు కొట్టించుకున్నవాడికి అది తప్పు. సున్నం చేతులవాడికి అది చోటు.

ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తర్వాత ఒక్కసారిగా ఎగిరినంత పని చేసింది.

"ఓడిపోయిన సార్! నేను ఓడిపోయిన!"

గిరీష్ ఆమెను వింతగా చూశాడు.

"లెక్క చెయ్యరన్న గద? లెక్క చేసిండ్రు! పానం పెట్టి లెక్క చేసిండ్రు! నీడ ఇడిసిపెట్టి, మీ బోర్డు చెప్పినట్టు బరువు కిందికొచ్చి కూసున్నరు. ఇన్ని దేశాలు తిరిగిన, ముఖం అంటి, నేల అంటి, ఈ ఇంటూ ముచ్చట నాకూ తట్టలే. నేను పెరిగింది గూడ జీడిమెట్ల సుద్దగీతల నడుమనే!"

"అంటే పందెం నువ్వు ఓడినట్టే గదా," అన్నాడు గిరీష్. గొంతులో గెలిచిన జోరు లేదు గానీ మాట మాత్రం వదల్లేదు.

"ఓడిన. ఉద్యోగం అడగ." లైప్‌జిగ్ మెయిలు గుండెలో ఒకసారి చురుక్కుమంది. ఆమె దాన్ని పక్కకు తోసింది. "కానీ బొమ్మ గీసేటందుకు ఉద్యోగం ఎందుకు సార్? మామా! ముందుగాల అందర్నీ లేపు. మల్ల గా నీడకు పోండ్రి."

"కంపెనీవోళ్లు తిడ్తరేమోనే."

అశ్విని ముందుకొచ్చింది. "కంపెనీ నేనే. లేవండన్నా. లేవండి, తొందరగా!"

వాళ్లు గ్లాసులతో సహా లేచి నీడకు పోయారు. ఇంతకుముందు ఎండలోకి రమ్మన్నదీ వీళ్లే, ఇప్పుడు పొమ్మంటున్నదీ వీళ్లే అని ఒకడు గొణిగాడు. గొణగడా మరి?

నవనీతకు పాత ప్లై చెక్క దొరికింది. నల్లరంగు డబ్బా అడుగున ఇంత మిగిలి ఉంది. జాజు ఉంది, సున్నం బ్రష్షు ఉంది. చున్నీ నడుముకు బిగించి మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి బొమ్మ చిటికెలో వేసింది. మనిషి నెత్తి మీద ఇటుక పడుతోంది.

నీడలోంచి తీర్పు వెంటనే వచ్చింది.

"ఎవడీడు?"

"మన సైటోడు కాదు."

"పాపం, పరాయి ఊరోడు."

"హెల్మెట్ ఉంది గద్రా. ఏం గాదు ఆనికి."

అందరూ నవ్వారు. గిరీష్ కూడా పెదవి కొరుక్కున్నాడు. నవనీత అందరికంటే ఎక్కువ నవ్వి, తడి గుడ్డతో ఆ మనిషిని తుడిచేసింది. నిజమే కదా. చావు ఎప్పుడూ పక్కవాడికే వస్తుంది. పరాయి మనిషి నెత్తి పగిలితే మనకు జాలి కలుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. మరి ఏది పగిలితే మన గుండె పగులుతుంది?

గోడ పక్కన సద్ది గిన్నెలు వరుసగా ఉన్నాయి. స్టీలు గిన్నెలు. ఒక్కో మూత మీద చుక్కచుక్కలుగా కొట్టించిన పేరు. సాయిలు. నాగమణి. ఎల్లయ్య. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే మెరిసేది, పెద్ద అక్షరాలది, పోచమ్మ. పుట్టింటివాళ్లు గిన్నె పెడితే ముందు దుకాణంలో కూర్చుని పేరు కొట్టించాకే ఇంటికి తెస్తారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా ఊరుకుంటారు గానీ గిన్నె మీద తప్పు పడనివ్వరు.

నవనీత చెయ్యి ఆగలేదు. ముందు నేల గీసింది. ఈ నేలే. ఇక్కడి గులకరాళ్లు, ఇక్కడి విరిగిన పైపు, ఇక్కడి నీళ్ల మడుగు. మీద సామాను లిఫ్టు. దాని అంచు నుంచి జారిన ఇటుక. కింద అప్పడంలా నలిగిపోయిన గిన్నె. చెల్లాచెదురైన అన్నం, ఎర్రటి తొక్కు. అప్పుడే దిగిన కాకి. ఎగిరి పడిన మూత. మూత మీద చుక్కచుక్కగా పేరు. ఇంకో వైపు గోడ నీడ. నీడలో హాయిగా కూర్చున్నవాళ్లు. వాళ్లకు ముఖాలున్నాయి. మొదటి ముఖం మామది.

"మేస్త్రి ముక్కు జర ఎక్కువైంది!" వెనక నుంచి ఎవడో అన్నాడు.

"ఎక్కువ గాదురా, తక్కువ పడ్డది," అన్నాడు ఇంకొకడు.

"నోర్ముయ్యుండ్రి," అన్నాడు సాయిలు, తన ముక్కు తడుముకుంటూ. సంబరం దాచుకోవడం అతనికి చేతకాలేదు.

బొమ్మను పసుపు బోర్డుకు ఎదురుగా నిలబెట్టారు. అప్పటికి అన్నాల వేళ అవుతోంది. అవతలి బ్లాకులో పనిచేసే ఆడవాళ్లు చేతులు దులుపుకుంటూ వస్తున్నారు. ఇక్కడ జరిగిందేదీ వాళ్లకు తెలియదు. అందరి ముందూ పోచమ్మ. యాభై దాటిన మనిషి, నడుస్తుంటే నేల ఆమె మాట వింటున్నట్టుంటుంది. రోజూ పోయే చోటికే, లిఫ్టు కిందికే, గబగబా పోతోంది.

"ఎవ్వరూ ఏం చెప్పకుండ్రి," అని నవనీత పళ్ల మధ్య నుంచి అంది. లిఫ్టు ఆపమని అశ్విని అప్పటికే సైగ చేసింది.

పోచమ్మ బొమ్మ ముందు ఆగింది. తల పక్కకు వంచింది. ఆమెకు చదువు రాదు. కానీ గిన్నె మీది తన పేరు ఎట్లా ఉంటుందో తెలుసు. ఒక్కసారి గుండెలు బాదుకుంది.

"ఓ సాయిలూ! యాడున్నదిరా నా గిన్నె? ఎవడ్రా ఇటుకేసింది దాని మీద? మా అవ్వ పెట్టిన గిన్నెరా అది!"

గోడ దగ్గరికి పరిగెత్తింది. గిన్నె ఉంది. సొట్ట కూడా లేదు. తీసి పొట్టకు హత్తుకుంది. తిరిగి బొమ్మను చూసింది, పైన లిఫ్టును చూసింది, నేల మీది ఇటుక ముక్కలను చూసింది. ఆ చూపు మూడుచోట్ల తిరిగి వచ్చేలోపల ఆమె ముఖంలో అంతా తేలిపోయింది.

"ఏ, ఆడ కూసోకుండ్రే!" వెనక వస్తున్న ఆడవాళ్లకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "గిన్నెలు పలగ్గొడ్తది ఆ లిఫ్టు! నీడకు నడువుండ్రి!"

"గిన్నె మీద పడేది నెత్తి మీద పడదా అత్తా?" నవనీత అడిగింది.

"నెత్తిదేమున్నదే పిల్లా, హెల్మెట్ ఉన్నది. గిన్నెకేమున్నది?"

ఇక నవ్వులు ఆగలేదు. పోచమ్మ కూడా నవ్వింది, గిన్నెను మాత్రం వదలకుండా. ఆడవాళ్లంతా నీడకు నడిచారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా లిఫ్టు కింద మిగల్లేదు. నవనీతకు లోపలినుంచి సంబరం పొంగింది. షార్జా గోడ ముందు, కిసుములో ఆడవాళ్ల ముందు ఇదే సంబరం. గీత మనిషిలోకి దిగి, మనిషిని కదిలించినప్పుడు వచ్చే సంబరం. దానికి జీతం చీటీ మీద పేరు లేదు.

"బిడ్డా, నా పేరు గూడ ఎయ్యవా?" నాగమణి అడిగింది.

"మా బ్లాకుల గూడ గియ్యాలె. ఆడ కరెంటు తీగలు గిట్లనే ఏలాడుతున్నయి. ఆడ గూడ ఇంటూ పెట్టిండ్రు. అందరం ఆడ్నే చేతులు పెడ్తున్నం!" పక్కనున్న ఇంకో ఆమె అందుకుంది.

ఆ మాటకు గిరీష్ ముఖం పాలిపోయింది. అతను ఫోన్ తీసి బొమ్మను ఫోటో తీశాడు. ఒకటి చాలదని రెండోసారి తీశాడు. "ఇది మేలే. చానా మేలే. పైకి పంపిస్తా. అప్రూవల్ వస్తే వచ్చే క్వార్టర్‌లో అన్ని సైట్లలో..."

"గిరీష్ గారూ," అశ్విని మధ్యలో అందుకుంది. హెల్మెట్ జారి కనుబొమల మీదికి వచ్చినా ఆమె పట్టించుకోలేదు. "మీ పందెం మీరూ మీరూ చూసుకోండి. నేను దానిలో లేను. నవనీత గారూ, మీరు అడగనన్నారు. సరే, అడగొద్దు. నేను అడుగుతున్నా. మా దగ్గర చేరతారా? డిగ్రీ కాలమ్‌లో ఏం రాయాలో నేను చూసుకుంటా. గీత వంకరగా ఉందన్నా కదా, ఆ వంకర లేకపోతే ఈ రోజు ఇక్కడ ఇట్ల జరిగేది కాదు."

నవనీత ఫోన్ తీసి, అక్కడే నిలబడి, లైప్‌జిగ్‌కు ఒక్క ముక్క రాసింది: రాను. పంపేసింది. రంగు చేతులతో తెరంతా నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

"చేరుత మేడం. కానీ రేపు కాదు. ఇయ్యాల్నే, ఇప్పుడే నా మొదటి రోజు." గిరీష్ వైపు తిరిగింది. "సార్, ఆ బోర్డు దించాలె."

"దించుతాంలేమ్మా. దానికొక ప్రాసెస్ ఉంటాది."

"ప్రాసెస్ నేల మీద నడుస్తది సార్. ఇటుక మీదికెల్లి పడ్తది. ఏది ముందొస్తదో మీరే చెప్పుండ్రి. మామా, స్క్రూడ్రైవర్!"

సాయిలు అప్పటికే నిచ్చెన వేశాడు. పసుపు బోర్డు కిందికి వచ్చి మట్టిలో బోర్లా పడింది. పోచమ్మ దాని మీద తన గిన్నె పెట్టుకుని మూత తీసింది. గిరీష్ హెల్మెట్ సరిచేసుకుని, ఫోన్ చెవిన పెట్టుకుని, "గచ్చిబౌలి సైటు ఇంచార్జ్‌ని ఇయ్యప్పా, అర్జెంటు" అన్నాడు.

ఒక్క సైటుతో అయిపోలేదు. ఇక మీ వంతు, మేడల్లోనివాళ్లారా. ఈ కథ చదివి తల ఊపి ఊరుకోవద్దు. లేవండి. మీ కిందనున్న ప్రతి కట్టడం దగ్గరికి ఈ రోజే నడిచి వెళ్లండి. మనిషి మీద ఎర్ర ఇంటూ కొట్టిన ప్రతి బోర్డు ముందూ నిలబడి, కింద కూర్చున్నవాళ్లను అడగండి, ఇది చూస్తే నీకేం తెలుస్తోందని. వాళ్లు చెప్పింది వినండి. వాళ్లు చూసి తలూపేదాకా ఏ బొమ్మనూ గోడెక్కించకండి. గీయడానికి గీయగలిగే మనిషిని పిలవండి, ఏ దారిన వచ్చాడని అడగకండి. గీసినవాళ్ల పేరు బొమ్మ కింద వేయండి. అన్నిటికంటే ముందు, పైన లిఫ్టు కదలకముందే, ఆ బోర్డులు దించండి. ఇప్పుడే దించండి.